నాన్న లెక్క 44, నా లెక్క 43... మరి గొడవెందుకు?

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు, గుర్తుపట్టే వివరాలు కూడా వదిలేసి సంగతి మాత్రం చెప్తున్నాను.

ఆవిడకి 39 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. భర్త షిప్పు మీద పనిచేస్తారు, ఏడాదిలో సగం రోజులు ఇంట్లో ఉండరు. అమ్మానాన్నలు ఈవిడ దగ్గరే ఉంటున్నారు. నాన్నగారికి 68, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్, అంటే కదలికల్ని దెబ్బతీసే మెదడు జబ్బు. కుడిచేతి వణుకుతో మొదలై ఇప్పుడు అడుగులు చిన్నవయ్యాయి, గొంతు తగ్గింది, అక్షరాలు మరీ సన్నగా అయిపోయి తను రాసింది తనకే అర్థం కావడం లేదట. ఆరు నెలల కిందట న్యూరాలజిస్ట్ దగ్గర 39 ప్రశ్నల ఫారం ఒకటి ఇచ్చారు. గత నెలరోజుల్లో ఈ జబ్బు వల్ల ఏ ఇబ్బంది ఎంత తరచుగా వచ్చిందో టిక్కులు పెట్టాలి. నాన్నకి రాయడం కష్టం కదా అని ఈవిడే వరండాలో కూర్చుని నింపి ఇచ్చేశారు. స్కోరు 43. మొన్న మళ్లీ అదే ఫారం. ఈసారి బ్యాంకులో ఆడిట్ ఉండి ఈవిడ వెళ్లలేదు, అమ్మగారు తీసుకెళ్లారు. అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి ప్రశ్నలు చదివి వినిపిస్తే నాన్నగారే జవాబులు చెప్పారు. స్కోరు 44. డాక్టరుగారు రెండు అంకెలూ చూసి, చేతులూ కాళ్లూ పరీక్షించి, "మార్పేమీ లేదు, ఇవే మందులు వాడండి" అన్నారు.

గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. ఫైల్లో ఉన్న పాత కాపీ నాన్నగారి కంట పడింది. "నా బతుకెలా ఉందో నువ్వు రాశావా?" అని ఒక్క మాట అన్నారు, అప్పట్నుంచి కూతురితో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఈవిడకి ఇంకో బాధ కూడా ఉంది. కుటుంబం నుంచి కావలసిన ఆసరా అందలేదని అనిపించిందా అన్న ప్రశ్న దగ్గర నాన్నగారు "కొన్నిసార్లు" అని పెట్టించారు. "పొద్దున్న ఐదింటికి లేచి చేస్తున్నదంతా ఏమైనట్టు?" అని రాశారు, ఆ లైను దగ్గర పెన్ను గట్టిగా నొక్కినట్టు తెలుస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యేమో "43 అయినా 44 అయినా ఒకటే, స్టేబుల్‌గా ఉన్నారు, నువ్వే టెన్షన్ పడి ఆయన్ని కూడా పెడుతున్నావు, ఇక్కడికి పంపెయ్, నేను చూసుకుంటా" అంటున్నారు. ఈవిడ అడిగింది ఇదీ: ఇద్దరిలో ఎవరి లెక్క నిజం? మొదటి ఫారం నేను నింపానని డాక్టరుకి చెప్పాలా? ఇకముందు ఎవరు నింపాలి? నాన్నని హైదరాబాద్ పంపాలా?

ఉత్తరంతో పాటు రెండు ఫారాల కాపీలు కూడా జతచేశారు. మంచి పని చేశారమ్మా, లేకపోతే నేనూ మీ అన్నయ్యలాగే మాట్లాడేదాన్ని.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. మీకిచ్చింది పీడీక్యూ-39 అనే ఫారం, ఆక్స్‌ఫర్డ్‌లో తయారైంది, 1995లో బయటికొచ్చింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లతోనే కూర్చుని మాట్లాడి, మీకు ఏది కష్టంగా ఉందని అడిగి ప్రశ్నలు రాసుకున్నారు, అందుకే బజారు సంచి మోయడం, చొక్కా గుండీలు, చేతిలో గ్లాసు ఒలకడం లాంటివన్నీ అందులో ఉంటాయి. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4 వరకు మార్కు. మొత్తం ఎనిమిది భాగాలు: తిరగడం, రోజువారీ పనులు, మనసు, నలుగురిలో నామోషీ, అయినవాళ్ల ఆసరా, జ్ఞాపకం-ఏకాగ్రత, మాట, ఒంటి నొప్పులు. ఒక్కో భాగాన్నీ 0 నుంచి 100కి లెక్కగట్టి, ఆ ఎనిమిదింటి సగటు తీస్తే వచ్చేదే మీ 43, 44. అంకె పెరిగితే ఇబ్బంది పెరిగినట్టు. ఇది పరీక్ష మార్కుల్లాంటిది కాదని మీ అన్నయ్యకి ముందే చెప్పండి, ఇదే తెలియక సంబరపడేవాళ్లున్నారు.

ఇక్కడే చిక్కంతా ఉంది. సాంబారులో ఉప్పు లేకపోయినా పాయసంలో పడిన ఉప్పుతో కలిపి చూస్తే వంటలో ఉప్పు సరిపోయినట్టే లెక్క తేలుతుంది, మీ ఇంట్లో జరిగింది అదే. నేను కాపీలు దగ్గర పెట్టుకుని భాగాలవారీగా మార్కులు కూడి చూశాను. తిరగడంలో మీరు నాన్నకి 70 వేశారు, ఆయన తనకి 40 వేసుకున్నారు. రోజువారీ పనుల్లో మీది 62.5, ఆయనది 37.5. మనసు దగ్గరికొచ్చేసరికి తలకిందులైంది, మీది 37.5, ఆయనది 62.5. ఇక నామోషీ భాగంలో మీరు వేసింది 25, ఆయన చెప్పింది 87.5. ఎనభై ఏడున్నర! జబ్బుని దాచుకోవాల్సి వచ్చిందా అన్నదానికీ, నలుగురిలో తినడం తాగడం తప్పించుకున్నారా అన్నదానికీ రెండింటికీ "ఎప్పుడూ" అన్నారు. ఇన్ని తేడాలూ సగటులో ఒకదాన్నొకటి మింగేసి చివరికి ఒక్క అంకె తేడా మిగిలింది.

పైగా ఇవి ఇద్దరు వేర్వేరు మనుషులు ఆరు నెలల తేడాతో నింపిన ఫారాలు. వాటిని పక్కపక్కన పెట్టి "మార్పు లేదు" అనడానికి ఆధారమే లేదు, "దిగజారింది" అనడానికీ లేదు. ఆయన విషయంలో అసలు లెక్క మొన్నటి ఫారంతోనే మొదలైంది. అన్నయ్య అన్న "స్టేబుల్" అనే మాటని పక్కన పెట్టేయండి.

మరి ఎవరిది నిజం? రోగి చెప్పేదానికీ ఇంట్లోవాళ్లు చెప్పేదానికీ తేడా రావడం ఈ జబ్బులో మామూలే, దాని మీద చాలా పరిశోధన జరిగింది. ఇంట్లోవాళ్లు తరచు పరిస్థితిని రోగి అనుకునేదానికన్నా ఎక్కువ చేసి చెప్తారు, కంటికి కనిపించే నడక లాంటివాటిలో ఇద్దరి మాట కాస్త దగ్గరగా ఉంటుంది, లోపలి సంగతుల్లో దూరం పెరుగుతుంది. మీరు తిరగడంలో 70 వేయడం వెనక నాకు మీ భయం కనిపిస్తోంది. బాత్రూమ్‌లో పడతారేమో, కిందికి ఒక్కరే వెళ్తే ఎలా అన్న భయం. అలాగని ఆయన వేసుకున్న 40ని కూడా నేను పూర్తిగా నమ్మను. ప్లాంట్‌లో షిఫ్టులు చేసిన మనిషి, ఎవరో అమ్మాయి అడుగుతుంటే "వంద గజాలు నడవలేను" అని అంత తేలిగ్గా ఒప్పుకోరు, మందు బాగా పనిచేసే గంటల్ని గుర్తుపెట్టుకుని చెప్పి ఉండొచ్చు. కాబట్టి పడిపోవడాల సంగతి మాత్రం ఫారంతో సంబంధం లేకుండా మీరో కేలండర్ మీద రాసుకోండి. పడ్డారా లేదా, ఏ టైముకి, మందు వేసుకున్న ఎంతసేపటికి, అంతే.

మనసు, నామోషీ ఈ రెండింటిలో మాత్రం ఆయన మాటే చెల్లాలి, ఎందుకంటే మీకు అది కనిపించే దారి లేదు. పార్కిన్సన్స్‌లో ముఖం కండరాలు కూడా బిగుసుకుపోతాయి, నవ్వినా ఏడ్చినా ముఖంలో పెద్దగా తేడా తెలియదు. చిన్నప్పట్నుంచి నాన్న ముఖం చూసి మూడ్ పసిగట్టిన కూతురికి ఇప్పుడు ఆ ముఖమే ఏమీ చెప్పడం లేదు. మీ తప్పేం లేదు ఇందులో.

మీ ఉత్తరంలో మధ్యలో ఒక మాట రాసి దాటేశారు: పొద్దున్నే బీచ్ రోడ్డుకి ఫ్రెండ్స్‌తో వెళ్లేవారు, కొన్నాళ్లుగా మానేశారు, ఓపిక లేకేమో అనుకున్నాం, పెళ్లిళ్లకి కూడా రానంటున్నారు అని. ఇప్పుడు ఆయన ఫారం పక్కన పెట్టుకుని ఆ మాట మళ్లీ చదవండి. వాకింగ్ అయ్యాక అందరూ నిలబడి టీ తాగుతారు కదా. బఫేలో ప్లేటు ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో తినాలి కదా. ఓపిక సంగతి నాకు తెలియదు గానీ, ఆయన టీ గ్లాసు దగ్గర ఆగిపోయారని నాకనిపిస్తోంది. ఇది నిజమో కాదో ఆయన్నే అడగండి, నేరుగా కాదు, "నాన్నా, టీ తాగకుండా నడిచి వచ్చేస్తే వెళ్తారా?" అన్నట్టుగా. మందు వేసుకున్నాక బాగా కదలగలిగే టైముకి బయల్దేరడం, సగం మాత్రమే పోసిన కప్పు, మూతున్న సిప్పర్, పెళ్లిలో కూర్చుని తినే చోటు ముందే చూసుకోవడం, ఇలాంటివి పనికొస్తాయి. ఆ స్నేహితుల్లో ఒక్కరికైనా జబ్బు పేరు చెప్తే దాచుకునే శ్రమ తగ్గుతుంది. కానీ ఎవరికి చెప్పాలి, అసలు చెప్పాలా అన్నది ఆయన నిర్ణయం. మీరు సాయం చేద్దామని ముందే ఫోన్ చేసి చెప్పేశారంటే మళ్లీ ఫారం కథే అవుతుంది. సదరం (వైకల్య) సర్టిఫికెట్ వద్దంటున్నారని కూడా రాశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు ఉంది, దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ నామోషీ 87.5 ఉన్న మనిషిని ఇప్పుడే ఆ క్యూలో నిలబెట్టకండి.

మనసు భాగంలో 62.5ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా అనిపించడం, రేపటి గురించి ఆందోళన రెండింటికీ "తరచుగా" అన్నారు. జబ్బొచ్చింది కాబట్టి దిగులు సహజమే అని సరిపెట్టుకుంటారు చాలామంది, డాక్టర్లలో కూడా కొందరు. కానీ ఈ జబ్బులో డిప్రెషన్ చాలామందికి జబ్బులో భాగంగానే వస్తుంది, మెదడులో రసాయనాలు తగ్గడం వల్ల, ఒక్కోసారి వణుకు కన్నా ముందే వస్తుంది. బతుకు ఎలా ఉందన్నది వణుకు కన్నా దీని మీదే ఎక్కువ ఆధారపడుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. "స్కోరు 44 వచ్చిందండీ" అంటే డాక్టరుకి ఇది వినపడదు. "మనసు భాగంలో 62.5 వచ్చింది, దీని సంగతి చూస్తారా" అని అడగాలి.

ఇక మాట అన్న భాగం. అక్కడ మీరిద్దరూ సరిగ్గా 50 వేశారు. హమ్మయ్య, ఒక్కదాంట్లోనైనా కలిశారనుకుని లోపల చూస్తే, మీరు మార్కులన్నీ మాట స్పష్టంగా లేకపోవడం, చెప్పాలనుకున్నది సరిగ్గా చెప్పలేకపోవడం అన్న రెండు ప్రశ్నలకే వేశారు. ఆయన మాత్రం జనం నన్ను పట్టించుకోవడం లేదు అన్న ప్రశ్నకి "ఎప్పుడూ" పెట్టి, మిగతా రెండింటికీ ఒక్కో మార్కు వేశారు. మీకు కోపం రాకపోతే ఒకటి అడుగుతాను. డాక్టరు ఆయన్ని ప్రశ్న అడిగితే మీ ఇంట్లో ఎవరు జవాబు చెప్తారు? ఆయన మాట మొదలుపెట్టడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆలోపు మీరో అమ్మో అందుకుంటారేమో. ఆసరా దగ్గర "కొన్నిసార్లు" అని పెట్టింది కూడా దీని గురించేనని నా అనుమానం. అన్నం, మందులు, బట్టలు, ఫీజులు వీటిలో మీరు లోటు చేయలేదు, ఆయనా చేశారనలేదు, అమ్మ విషయంలో సున్నా పెట్టారు చూడండి. ఆయనకి కావలసిన ఆసరా వేరేది. అది ఏమిటో మీకూ నాకూ తెలియదు, ఒకసారి అడిగితే తెలుస్తుంది, అడిగాక ఆయన నోరు తెరిచే దాకా ఆగాలి, ఆ ఆగడమే కష్టం. గొంతు పెంచే సాధన చేయించే స్పీచ్ థెరపీ ఉంది, దాని గురించి కూడా డాక్టర్ని అడగండి.

డాక్టరుకి చెప్పాలా అన్నారు. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి: ఫైల్లో 43, 44 పక్కపక్కనే ఉంటాయి, వచ్చేసారి 46 వచ్చినా "నెమ్మదిగా ఉందిలే" అంటారు. చెప్తే మహా అయితే రెండు నిమిషాలు ఇబ్బంది, డాక్టర్లకి ఇది కొత్త కూడా కాదు. అయితే నాన్నని బయట కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికెళ్లి చెప్పడం మాత్రం వద్దు, ఆయన ఎదురుగా, ముందే ఆయనతో అనుకుని చెప్పండి. ఆయన వద్దంటే? మొదటి ఫారం మీద "కుమార్తె నింపినది" అని రాసి సంతకం పెట్టి ఫైల్లో ఉంచేయండి, అది మీరు చేసిన పని కాబట్టి దానికి ఆయన అనుమతి అక్కర్లేదు.

ఇకముందు ఎవరు నింపాలంటే, ఆయనే. చెయ్యి సహకరించకపోతే ఎవరైనా చదివి, ఆయన చెప్పింది యథాతథంగా టిక్కు పెట్టొచ్చు, మొన్న ఆ అమ్మాయి చేసింది అదే. ఆ చదివేవాళ్లు మీరు కాకపోతే మేలు, కనీసం కొన్నాళ్లు, ఎందుకంటే కూతురి ముందు "ఏడుపొస్తోంది" అని తండ్రి టిక్కు పెట్టించడు. మందు బాగా పనిచేస్తున్న టైములో, ప్రతిసారీ ఇంచుమించు అదే టైముకి చేయండి. మీ అభిప్రాయం కూడా డాక్టరుకి చేరాలనుకుంటే ఇంకో కాపీ తీసుకుని విడిగా నింపి మీ పేరు రాసివ్వండి. దాంతో లాభం ఉంది, రెండింటికీ ఎక్కడ తేడా వస్తోందో అక్కడ డాక్టరు ఆగి అడుగుతారు. నష్టమూ ఉంది, మీరు నింపింది నాన్న మళ్లీ చూస్తారు, ఈసారి ముందే చెప్పి ఉంటారు కాబట్టి బహుశా అంత మంట ఉండదు. అంత దూరం వద్దనుకుంటే కొన్నాళ్లు మీ ఫారం మానేసి పడిపోవడాల కేలండర్ ఒక్కటే పెట్టుకోండి, అదీ తప్పు కాదు. 39 ప్రశ్నలకి ఆయన విసుక్కుంటే భాగానికొకటి చొప్పున ఎనిమిదే ప్రశ్నలుండే చిన్న ఫారం కూడా ఉంది, కానీ మీ ఇంట్లో తేడాలన్నీ ప్రశ్నల లోపల దాక్కున్నాయి కాబట్టి నేనైతే పెద్దదే అడుగుతాను.

ఈ ఫారం అడగనివి కూడా ఉన్నాయి. మలబద్ధకం గురించి ఒక్క ప్రశ్న లేదు, రాత్రి నిద్ర ఎలా పడుతోందని లేదు. లేవగానే కళ్లు తిరుగుతున్నాయా, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తున్నారు, ఇవి మీరే నోటితో చెప్పాలి. డాక్టరు చేసే కదలికల పరీక్షేమో ఆ పావుగంటలో శరీరం ఎలా ఉందో చెప్తుంది, నాన్నగారు సాధారణంగా మందు వేసుకుని వెళ్తారు కాబట్టి రోజులో మంచి గంటలే డాక్టరు చూస్తారు. సాయంత్రం ఆరింటికి మీ హాల్లో కుర్చీలోంచి లేవలేని మనిషి ఆయనకి కనిపించడు. వెళ్లే ముందు మూడు రోజులు అరగంటకోసారి నిద్ర, బాగా కదులుతున్నారు, బిగుసుకుపోయారు, ఒళ్లు మెలికలు తిరుగుతోంది అని నాలుగింట్లో ఒకటి రాసుకుంటే మందుల టైములు మార్చడానికి డాక్టరుకి అంతకన్నా పనికొచ్చేది లేదు. అది కూడా నాన్నగారే పెట్టుకోవచ్చు, టిక్కులే కదా.

అన్నట్టు, అమ్మగారు శ్రీకాకుళం నుంచి తెప్పించి దూలగొండి గింజల పొడి ఇస్తున్నారని రాశారు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది, అంటే ఆయన ట్యాబ్లెట్‌లో ఉన్న మందే, ఎంత ఉందో కొలత లేకుండా. అమ్మని తిట్టకండి, హఠాత్తుగా మాన్పించనూ వద్దు. ఎప్పట్నుంచి, ఎన్ని చెంచాలు అన్నది ఈ వారమే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి.

హైదరాబాద్ సంగతి. మీ అన్నయ్య మంచి మనసుతోనే అంటున్నారు, కాదనను. వెళ్తే మీకు ఊపిరాడుతుంది, మనవలు ఉంటారు, తెలిసినవాళ్లు ఎదురుపడని ఊళ్లో నాన్నకి నామోషీ తగ్గినా తగ్గొచ్చు, ఈ కోణం మీరు ఆలోచించినట్టు లేదు. అటువైపు, కొత్త ఇంట్లో గడపలూ మలుపులూ అలవాటయ్యే దాకా పడే ప్రమాదం ఎక్కువ, డాక్టరు మారతారు, మానేసిన ఆ వాకింగ్ బ్యాచ్ శాశ్వతంగా పోతుంది, అన్నావదినలు ఆఫీసులకి వెళ్తే పగలంతా ఎలా గడుస్తుందో వాళ్లు లెక్కేసుకున్నారో లేదో. ఇక్కడే ఉంటే ఇవేవీ లేవు గానీ బరువంతా మీ ఒక్కరి మీదే ఉంటుంది, అమ్మకీ వయసు మీద పడుతోంది. మధ్యేమార్గంగా రెండు నెలలు వెళ్లి చూడొచ్చు, వెళ్లే ముందు ఒక ఫారం, అక్కడ నెల దాటాక ఒక ఫారం, రెండూ ఆయనే నింపాలి. అప్పుడు సగటు కాకుండా మనసు, నామోషీ, తిరగడం ఈ మూడు భాగాలు ఎటు కదిలాయో చూస్తే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇదంతా ఆయన ఊ అంటేనే. ఉత్తరం మొత్తంలో నాన్నగారు హైదరాబాద్ గురించి ఏమన్నారో ఎక్కడా లేదు.

ఆఖరుగా మీ గురించి. చూసుకునేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో కొలిచే ఫారాలు కూడా ఉన్నాయి. 22 ప్రశ్నల జారిట్ ఫారం ఏ జబ్బుకైనా వాడతారు, పార్కిన్సన్స్ ఇళ్ల కోసమే 29 ప్రశ్నలది ఒకటుంది. వచ్చేసారి అక్కడ ఉందేమో అడిగి మీదీ అమ్మదీ విడివిడిగా నింపండి, ఒకరిది ఇంకొకరు చూడకుండా. అన్నయ్యకి వాట్సాప్‌లో అంకెలు పంపేబదులు నాన్నని తీసుకెళ్లే ముందు ఒక వారం సెలవు పెట్టుకుని ఆయన్నే ఇక్కడికి రమ్మనండి. ఆ వారం మందులూ స్నానం రాత్రి లేవడం అన్నీ ఆయనే చూడాలి, మీరు ఆ టైములో అత్తగారింటికి వెళ్లిరండి.